నవ్వూ వసూలూ ఒకే కుర్చీలో

ఆర్లీ హోక్‌షీల్డ్ రాసిన 'ది మేనేజ్డ్ హార్ట్' 1983లో వచ్చింది. జీతం కోసం మన భావాలను కూడా అదుపు చేసుకోవాల్సి రావడం శ్రమేనని గుర్తించి, దానికి 'ఎమోషనల్ లేబర్' అని పేరు పెట్టిన పుస్తకం అది. ఇంటి చాకిరీ కూడా పనేనని ఒప్పించడానికి ఎంత పోరాడాల్సి వచ్చిందో తెలిసిన వాళ్లం కాబట్టి, నవ్వడమూ పనేనన్న మాట విలువ మనకి వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ పుస్తకంతో నాకొక పేచీ ఉంది. కొత్తవలసలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో మూడేళ్లు పనిచేశాక చదవడం వల్ల వచ్చిన పేచీ అది.

హోక్‌షీల్డ్ ప్రధానంగా రెండు ఉద్యోగాలను ఎదురెదురుగా పెట్టి చూసింది. ఒకటి డెల్టా ఎయిర్‌లైన్స్‌లో విమాన పరిచారికలది, రెండోది బాకీలు వసూలు చేసేవాళ్లది. మొదటివాళ్లు ఎదుటి మనిషిని గొప్పవాణ్ణి చెయ్యాలి, రెండోవాళ్లు చిన్నబుచ్చాలి. మెత్తదనం ఎక్కువగా ఆడవాళ్ల వంతుకీ, కరుకుదనం మగవాళ్ల వంతుకీ వస్తుందని ఆమె గమనించింది.

కొత్తవలస రైల్వే జంక్షన్. అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. ఇలాంటి ఊళ్లో లాడ్జి కౌంటరు దగ్గర ఆ రెండు ఉద్యోగాలూ ఒకే మనిషివి. "రండి సార్" అన్న నోటితోనే అడ్వాన్సు అడగాలి, ఆధార్ అడగాలి, టైము దాటితే మరో రోజు అద్దె అడగాలి. "ఏటమ్మా, గంట లేటైతే రోజు డబ్బులు కట్టమంటావేటి?" అని అరిచే మనిషికి ఆ నియమం నేను పెట్టింది కాదని తెలుసు. నా వెనక గోడమీది బోర్డు కింద 'ఇట్లు, యాజమాన్యం' అని ఉంటుంది. కానీ ఆ యాజమాన్యం కౌంటర్లో కూర్చోదు. రాసినవాడు కనిపించని ఆ పాఠానికి గొంతు మాత్రం ఆడమనిషిది.

బోర్డుమీద లేని నియమం ఇంకొకటుంది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకి గది ఇవ్వకూడదు. అలా అని చెప్పనూ కూడదు. పరీక్ష రాయడానికి వచ్చి, రైలు తప్పిపోయిన అమ్మాయి "అక్కా, ఈ ఒక్క రాత్రికి" అని అడుగుతుంది. నా వెనక మేకులకి తాళాలు వేలాడుతూనే ఉంటాయి. "ఖాళీల్లేవమ్మా" అనాలి. ఒంటరి స్త్రీకి గది ఇవ్వొద్దనే చట్టం ఏదీ లేదు. పెళ్లికాని జంట హోటల్ గదిలో ఉండకూడదనే చట్టమూ లేదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. చట్టం అడగని ఆ కాపలా ఒక స్త్రీచేత ఇంకో స్త్రీమీద కాయిస్తారు. హోక్‌షీల్డ్ లెక్కలో నవ్వుంది, కరుకుదనముంది. ఈ కాపలా లేదు. నా పేచీ అదే.

దీనికి పెట్టే పేరు 'రక్షణ'. మద్యం తాగే చోట ఆడవాళ్లు పనిచెయ్యకూడదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టం 30వ సెక్షన్‌ని అనుజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు 2007లో కొట్టేసింది. భద్రత కల్పించాలే తప్ప ఉద్యోగం నుంచి తప్పించకూడదన్నది ఆ తీర్పు సారం. లాడ్జిలో ఇదే రక్షణ తలకిందులుగా నడుస్తుంది. అతిథిగా వచ్చిన స్త్రీని భద్రత పేరుతో తిప్పి పంపేస్తారు. అర్ధరాత్రి గదిలోంచి కౌంటరుకి ఫోన్ చేసి "కాసేపు మాట్లాడమ్మా" అనే మగవాడి విషయంలో మాత్రం 'కస్టమర్‌తో వాదించకు' అన్నదే నియమం. పని ప్రదేశానికి వచ్చిపోయే బయటి మనుషుల నుంచి కూడా భద్రత కల్పించడం యజమాని బాధ్యత అని 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండదు, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవాలి. మా బోర్డుమీద అద్దె ఉంది, చెకౌట్ టైముంది. ఈ సెక్షన్ లేదు.

నేను చదివిన కథల్లో ఉద్యోగిని అంటే ఎక్కువగా టీచరు, గుమస్తా, నర్సు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి కనిపిస్తే ఒక వాక్యంలో తాళం ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ వాక్యం దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆమె పలికే నియమం ఎవరు రాశారు, ఎవరిమీద రాశారు, దానికి తిట్లు ఎవరు తింటున్నారు అని అడగాలి. ఎమోషనల్ లేబర్ అన్న మాటని తెలుగులోకి తెచ్చుకుంటున్న మనం, దానితోపాటు ఈ కాపలా పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.