అట్ట మీద ఎవరి మాట?

గిరిజన రచయిత పుస్తకం వచ్చిన ప్రతిసారీ సభలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మీరు రచయితా, గిరిజన రచయితా?" మిగతావాళ్లను ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగేవాళ్లందరికీ చెడు తలంపు ఉంటుందని అనలేం. అయినా ఆ ప్రశ్న వెనక ఒక బేరం ఉన్నది. తెగ పేరు చెప్పుకుంటే ప్రత్యేక సంచికలో చోటు. చెప్పుకోకపోతే అందరి వరుసలో చివరి కుర్చీ. ఈ బేరం మన రాతను ఎట్లా మలుస్తున్నదో, ముఖ్యంగా మొయినాబాద్, చేవెళ్ల వైపు తండాల నుంచి రాయబోయే పిల్లల ముందు ఏం పెడుతున్నదో ఆలోచించాలి.

ముందు అచ్చు సంగతి. తెలుగులో కథలో కవిత్వమో రాసి బతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. చాలా పుస్తకాలు రచయిత సొంత డబ్బుతోనే వస్తాయి. కొన్ని వందల కాపీలు వేయించడం, ఆవిష్కరణ సభలో కొన్ని అమ్ముడుపోవడం, మిగిలినవి అటక ఎక్కడం మామూలే. ఉద్యోగం ఉన్న రచయిత ఆ ఖర్చు జీతంలో సర్దుకుంటాడు. కూలికి పోయే ఇంటి నుంచి డిగ్రీకి వచ్చిన పిల్లకు అది విత్తనాలకూ ఎరువులకూ దాచిన డబ్బు. అందుకే మనవాళ్లు మొదట సంకలనాల వైపు చూస్తారు. అక్కడ ఖర్చు లేదు. కాని 'గిరిజన కథ' కావాలంటారు. ఆ మాటకు చాలామంది మనసులో ముందే ఒక బొమ్మ ఉన్నది: కొండ, అడవి, అద్దాల రవిక, ఇప్పసారా. ఆ బొమ్మకు దగ్గరగా ఉన్న కథ తొందరగా అచ్చుకెక్కుతుంది. ఇది పసిగట్టిన కొత్త రచయిత తాను చూడని అడవిని కూడా రాయడం మొదలుపెడతాడు. నష్టం అక్కడే జరుగుతుంది.

ఈ బేరానికి లొంగకుండా తెగ మాటను నిలబెట్టిన దారి మన కండ్ల ముందే ఉన్నది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ పుస్తకాలను వరుసగా పెట్టి అట్టలు చూడండి. 'బల్దేర్ బండి' (2018) కవిత్వం. 'ఢావ్లో' (2021) కథలు. ఆచార్య సూర్యా ధనంజయ్‌తో కలిసి తెచ్చిన బంజారా కథల సంకలనం 'కేసులా' (2022). ఇంగ్లీషు కవితల 'చక్‌మక్' (2023). ఎడ్లబండి, ఏడుపు పాట, మోదుగు పువ్వు, చెకుముకి రాయి. ఏ అట్ట మీదా తెలుగు పేరు లేదు.

ఇందులో 'కేసులా' మీద కొంచెం ఆగాలి. 'మోదుగుపూలు' అనే పేరు తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. దాశరథి రంగాచార్య నవల పేరు అదే. తెలంగాణ పోరాట జ్ఞాపకంలో ఆ పువ్వుకు ఇదివరకే చోటున్నది. అదే పువ్వును గోర్‌బోలి పేరుతో పిలవగానే చూసే మనిషి మారిపోతాడు. ఇంతవరకు తండా గురించి తెలుగు చెబితే తండా వినేది. ఇక్కడ తండా పిలుస్తుంటే తెలుగు పాఠకుడు "అంటే ఏంది?" అని అడగాలి. అస్తిత్వం అంటే ముందుమాటలో కులం, తెగ ప్రకటించుకోవడంతో తీరేది కాదు. ఎవరు ఎవరిని అర్థం అడుగుతున్నారన్న దాంట్లో అది తేలుతుంది.

'ఢావ్లో'కు 2024లో సాహిత్య అకాదెమీ యువ పురస్కారం వచ్చింది. 35 ఏండ్ల లోపు రచయితలకిచ్చే బహుమతి, యాభై వేల రూపాయలు, తామ్ర ఫలకం. తండా పిల్లకు చూపించడానికి టీచరుకు ఒక నిదర్శనం దొరికింది. అయితే ఒక ప్రమాదమూ ఉన్నది. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో 32 తెగలున్నాయి. ఒక్క పుస్తకాన్ని అందరి తరఫున నిలబెట్టి, ఇక గిరిజన సాహిత్యం చదివేశాం అనుకుంటే కోయ పిల్ల, ఎరుకల పిల్లవాడు మళ్లీ గుమ్మం బయటే.

తెగకు తెగకే కాదు, నేలకు నేలకూ కథ మారుతుంది. ఉత్తరాంధ్రలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ రాసిన మల్లిపురం జగదీశ్ 'శిలకోల', 'గురి' కథలు ఏజెన్సీ నేల మీద నిలబడినవి. అక్కడ 1/70 చట్టం ఉన్నది. దాన్ని దాటి భూమి ఎట్లా చేతులు మారుతున్నదన్నది అక్కడి పెద్ద ప్రశ్న. మన రంగారెడ్డి జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఇక్కడి లంబాడా రైతుకు ఆ చట్టం అండ లేదు. 1976లో ఎస్టీ గుర్తింపు మనిషికి వచ్చింది, నేలకు రాలేదు. ఈ ఒక్క తేడా చాలు, ఏజెన్సీ కథను అనుకరిస్తే చేవెళ్ల కథ రాదని చెప్పడానికి.

మరి చేవెళ్ల కథ ఏది? బీజాపూర్ రోడ్డు పేరు చెబితే నగరవాసికి మర్రిచెట్లు గుర్తొస్తాయి. మొయినాబాద్ అంటే చిలుకూరు బాలాజీ, ఫామ్‌హౌస్‌లు. రెండు జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాల మీద పెట్టిన 111 జీవో పెద్దల బేరాల్లో నలిగిన మాట. ఈ దారిలో పరిగి, కొడంగల్ వైపు పోయే కొద్దీ తండాలు ఎక్కువవుతాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు పంచాయతీలయ్యాయి. 2024లో అదే దారిలోని లగచర్ల భూముల గొడవలో తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి మొర పెట్టుకున్నారు. అమ్మిన భూమిలోనే కాపలాకు కుదిరిన తండ్రి, పూలతోటల్లో రోజుకూలికి పోయే తల్లి, గోర్‌బోలి అర్థమైనా బదులు తెలుగులో చెప్పే పిల్ల: ఇవి ఇక్కడి కథలు. వీటిలో అడవి లేదు. అంతమాత్రాన ఇవి 'తక్కువ గిరిజన' కథలు కావు.

ఈ నేల మాటకు సాహిత్యంలో చోటు లేదనుకుంటే, ఇదే దిక్కున తాండూరు వైపు పెద్దేముల్ నుంచి వచ్చిన గోగు శ్యామలను చదవండి. దళిత వాడ కథలను ఆమె తన ఊరి మాటల్లోనే చెప్పింది. ఆ కథలు 2012లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. సొంత మాటను చక్కదిద్దుకుంటేనే దూరం పోతామన్న భయానికి ఆ పుస్తకమే జవాబు.

"అడిగింది రాయకపోతే ఎవరు వేస్తారు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. వేసేవాళ్లు తక్కువే. కాని ఎట్లాగూ రాతతో ఇల్లు గడవని భాష మనది. డబ్బు రానిచోట అబద్ధం రాసి మిగిల్చుకునేదేముంది? సంకలనానికి ఇవ్వండి, మీ కథనే ఇవ్వండి. గోర్‌బోలి మాటను తీసేయమంటే ఎందుకని అడగండి. కథ మీద హక్కు మీదేనని ఒక కాగితం రాయించుకోండి. పుస్తకం అచ్చయ్యాక మొదట తండాలో చదివి వినిపించండి. అక్కడ వాళ్లు "మనం ఇట్లా ఉండం" అంటే, ఆ మాట ఏ సమీక్ష కన్నా గట్టిది.

టీచర్లకు ఒక మాట. గోడపత్రికకు పిల్లలను కథ అడిగినప్పుడు అడవి మీద రాయమనకండి. పొద్దున లేచి బడికి వచ్చేదాకా ఇంట్లో వినపడ్డ మాటలు రాయమనండి. అందులో తెలుగు కాని మాట ఉంటే ఎర్ర సిరాతో కొట్టేయకుండా, దాని అర్థం ఆ పిల్లనే అడగండి.