నీటిలో ముఖం కనిపించేంత వేడి: ఇంటి బీరు తయారీ గ్రంథాల్లో బోధనవచనం

వ్యాససంగ్రహం

ఇంట్లో బీరు తయారుచేసుకోవడం నేర్పే ఇంగ్లీషు గ్రంథాలను బోధనవచనంగా చదివే ప్రయత్నం ఇది. మాల్టు కలిపే ముందు నీరు ఎంత వేడిగా ఉండాలి అన్న ఒక్క ప్రశ్నను తీసుకొని, దానికి విలియం కాబెట్, చార్లీ పపాజియన్, జాన్ పామర్ ఇచ్చిన సమాధానాలను పక్కపక్కన పెట్టి, ప్రతి గ్రంథమూ ఎటువంటి పాఠకుణ్ణి ఊహించుకున్నదో, ఆ ఊహలో ఎవరికి చోటు లేకుండా పోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బోధనవచనం, కరదీపిక, ఇంద్రియజ్ఞానం, కాబెట్, పపాజియన్, పామర్, విధ్యర్థకం.

1. ప్రవేశిక

పద్యాన్ని, కథను, నవలను చదివినంత శ్రద్ధగా తెలుగు విమర్శ ‘ఎలా చేయాలి’ అని చెప్పే పుస్తకాన్ని చదవలేదు. వంటపుస్తకం, వ్యవసాయ కరదీపిక, కుట్టుపని గైడు మన గ్రంథాలయాల్లో ఉంటాయి. మన పాఠ్యప్రణాళికల్లో ఉండవు. సమాచారమే తప్ప శైలి లేని రచనలుగా వాటిని పక్కన పెట్టడం అలవాటయింది. కాని ఈ రచయితకున్న ఇబ్బంది కథారచయితకు కూడా లేదు. నేర్చుకునేవాడు ఎదురుగా ఉండడు. చేయి పట్టి చూపించడానికి, వాసన చూపించడానికి, ‘ఇదిగో, ఇప్పుడు దించు’ అని చెప్పడానికి వీలుండదు. కంటితో, ముక్కుతో, వేలికొసతో తెలిసేదాన్ని మాటగా మార్చాలి. ఆ మార్పు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో చూడటం విమర్శకుడి పనే.

దీనికి బీరు గ్రంథాలను ఎంచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. మద్యానికీ పుస్తకానికీ మన ప్రాంతంలో ఉన్న ప్రసిద్ధమైన సంబంధం పూర్తిగా వేరు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కార్యక్రమంలో చదివిన పాఠాలు 1992నాటి సారా వ్యతిరేకోద్యమానికి ఊతమిచ్చాయి; దూబగుంట స్త్రీల పేరు అప్పుడే రాష్ట్రమంతటా వినిపించింది; 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. ఇక చట్టం సంగతి: 1968నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అందుచేత తెలుగులో ఈ విషయంపై కరదీపిక లేకపోవడంలో ఆశ్చర్యం లేదు, అది రావాలని కోరడం ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు. ఈ గ్రంథాలు ఇక్కడ పనికివచ్చేది మరో కారణానికి. ఒకే పనిని, ఒకే భాషలో, నాలుగు వందల ఏళ్లుగా వేర్వేరు పాఠకులకు నేర్పుతూ వచ్చిన పుస్తకాల వరుస ఇంత స్పష్టంగా దొరకడం అరుదు.

పని క్రమం క్లుప్తంగా ఇది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే మాల్టు. దాన్ని పలుకుగా పగలగొట్టి వేడినీటిలో కలిపి, సుమారు 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచితే గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఆ తీపి ద్రవాన్ని వడగట్టి, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియనిస్తారు. వేడి బాగా ఎక్కువైతే ఎంజైములు నశిస్తాయి. బాగా తక్కువైతే పిండి పిండిగానే మిగులుతుంది. కాబట్టి మొదట పోసే నీటి వేడి మీదే చాలా సంగతులు ఆధారపడి ఉంటాయి.

2. కాబెట్: ముఖం కనిపించే నీరు

విలియం కాబెట్ ‘కాటేజ్ ఎకానమీ’ 1821-22లో చిన్న భాగాలుగా వెలువడింది. కాబెట్ పత్రికారచయిత, రాజకీయ వివాదాల మనిషి, హాప్స్ సాగుకు పేరున్న ఫార్నమ్ ప్రాంతంలో పుట్టినవాడు. శ్రామిక కుటుంబాల కోసం రాసిన ఈ పుస్తకాన్ని ఆయన రొట్టెతోనో ఆవుతోనో కాక బీరుతో మొదలుపెట్టాడు. మాల్టు మీద, హాప్స్ మీద వేసిన పన్నులు పేదవాడి ఇంట్లోంచి బీరును వెళ్లగొట్టి ఆ చోట టీని కూర్చోబెట్టాయన్నది ఆయన వాదం. టీకయ్యే ఏడాది ఖర్చును పైసలతో సహా లెక్కగట్టి చూపించాడు. టీ వల్ల ఒళ్లు చెడుతుందని, కాలం వృథా అవుతుందని విరుచుకుపడ్డాడు. టీ మీద ఆయన చేసిన ఆరోపణల్లో చాలావాటిని ఈనాడు నవ్వకుండా చదవలేం. అయినా ఆ కోపమే ఆయన వచనాన్ని నిలబెట్టింది. పాత్రల కొలతలు, వాటి ధరలు, ఏ గంటకు ఏ పని అన్నవి చెబుతున్నప్పుడు కూడా ఒక కుటుంబం తన పానీయాన్ని తానే తయారుచేసుకునే స్వాతంత్ర్యం గురించి మాట్లాడుతున్న స్పృహ వదలదు.

మన ప్రశ్నకు ఆయన రెండు సమాధానాలిచ్చాడు. ఉష్ణమాపకం ఉంటే 170 ఫారెన్‌హీట్ డిగ్రీలు చూసుకోవాలి. అంటే సుమారు 77 సెల్సియస్. చల్లని మాల్టు పడగానే ఆ వేడి తగ్గి కావలసిన చోటికి వస్తుంది. ఉష్ణమాపకం లేనివాళ్లకు మరో సూత్రం: మరిగిన నీటిని తొట్టిలో పోసి, పైనుంచి చూసినప్పుడు తమ ముఖం నీటిలో స్పష్టంగా కనిపించే దాకా ఆగాలి. వందల ఏళ్లుగా ఇంగ్లండులో మంచి బీరు ఈ సూత్రంతోనే తయారయిందని కాబెట్ అంటాడు.

ఈ రెండో సమాధానం దగ్గర కొంతసేపు ఆగాలి. దట్టమైన ఆవిరి నీటిపై తలాన్ని కప్పివేస్తుంది. నీరు చల్లబడేకొద్దీ ఆవిరి పలచబడి తలం అద్దమవుతుంది. కంటికి కనిపించే ఒక గుర్తును కనిపించని వేడికి కొలతగా వాడటం ఇది. పరికరం అక్కరలేదు, చదువు అక్కరలేదు. ముఖం ఉంటే చాలు. సూత్రానికి పరిమితులూ ఉన్నాయి. గది చల్లగా ఉంటే ఆవిరి ఎక్కువసేపు కనిపిస్తుంది, వెలుతురు లేకపోతే ముఖమే కనిపించదు. ఒక వాతావరణంలో, ఒక రకం ఇంట్లో, ఆ పని చేసే కాలంలో స్థిరపడిన కొలత అది. వేరే దేశంలోని వేసవి వంటింటికి దాన్ని యథాతథంగా తీసుకుపోలేం. ఉష్ణమాపకం చేసిన మేలు సరిగ్గా ఇదే. చోటుతో పనిలేకుండా వేడిని చెప్పింది. కాబెట్ రాసేనాటికి పెద్ద తయారీశాలల గ్రంథాల్లో అది ప్రవేశించి అరవై ఏళ్లు దాటింది. అయినా ఆయన పాత సూత్రాన్ని తీసివేయలేదు. డబ్బు లేని పాఠకుణ్ణి పుస్తకం బయట నిలబెట్టకపోవడమే ఆ గ్రంథం చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

3. చట్టం తెచ్చిన పాఠకుడు

1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్నును రద్దుచేసి తయారైన బీరుపై సుంకం వేశాడు; ఇంట్లో చేసుకునేవారికి లైసెన్సు పెట్టాడు. ఆ లైసెన్సు 1963లో రద్దయింది. ఆ ఏడాదే సి. జె. జె. బెర్రీ పుస్తకం వచ్చింది. 1974లో డేవ్ లైన్ ‘ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్’, 1978లో దుకాణంలో కొనే బీర్ల వంటివే ఇంట్లో చేసుకోవడం నేర్పే మరో పుస్తకం వెలువరించాడు. ఈ చివరి పుస్తకం వెనుక ఉన్న ఆలోచన గమనించదగినది. కాబెట్ దృష్టిలో ఇల్లు మూలం, దుకాణం దానికి శత్రువు. నూటయాభై ఏళ్ల తర్వాత దుకాణం మూలమై ఇల్లు అనుకరణ అయింది.

అమెరికాలో 1933లో మద్యనిషేధం తొలగినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది గాని బీరుకు దొరకలేదు. కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టం ఆ లోటు తీర్చింది: ఒక ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100, అదీ అమ్మకానికి కాకుండా. అమ్మకూడదన్న ఈ షరతు గ్రంథాల స్వరాన్ని కూడా మార్చింది. పాఠకుడిక బతుకు కోసం చేసేవాడు కాదు, పొదుపు కోసం చేసేవాడూ కాదు. సరదా కోసం చేసేవాడు.

4. ఊరడింపు, లెక్క

పపాజియన్ 1970లలో కొలరాడోలోని బౌల్డర్‌లో తరగతులు పెట్టి ఈ విద్య నేర్పాడు. 1976లో సొంతంగా అచ్చువేసుకున్న చిన్న పుస్తకం పెరిగి 1984లో ‘ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్ బ్రూయింగ్’ అయింది. కంగారుపడవద్దని, తాను చేసుకున్న బీరు ఒక గ్లాసు తాగి స్థిమితపడమని పాఠకుడికి చెప్పే మాట ఆ పుస్తకానికి పల్లవి. తరగతిగదిలో పుట్టిన వచనమని తెలిసిపోతుంది. మొదటిసారి చేసేవాడి భయం ఆయనకు ఎదురుగా కనిపించింది.

నీటి వేడి ప్రశ్నకు ఆయన మొదట ఇచ్చే సమాధానం ఆ ప్రశ్నను వాయిదా వేయడమే. కొత్తవాడి చేతికి మాల్టు పాకం డబ్బా ఇస్తాడు. పిండిని చక్కెరగా మార్చే పని కర్మాగారంలో జరిగిపోయింది. నీటిలో కలిపి, హాప్స్‌తో మరిగించి, పులియబెడితే సరిపోతుంది. గింజతో మొదలుపెట్టే పద్ధతి పుస్తకంలో తరువాతి మెట్టు. బోధకుడిగా ఇది తెలివైన నిర్ణయం. తొలి ప్రయత్నం ఫలిస్తేనే రెండోది ఉంటుంది.

అయితే ఊరడింపుకు ఒక హద్దుంది. పూర్తిగా పులియకముందే సీసాలో పోసి మూత బిగిస్తే లోపల వాయువు పెరిగి గాజు పగిలి గాయాలవుతాయి. జలసాంద్రమాపకంతో వరుసగా కొన్ని రోజులు చూసి, అంకె మారడం లేదని తేల్చుకున్నాకే సీసాల్లోకి మార్చాలి. పపాజియన్ ఈ జాగ్రత్త చెప్పకపోలేదు. కాని హాస్యం, సాంత్వన పరుచుకున్న పేజీల్లో హెచ్చరిక గొంతు మార్చి వినిపించడం కష్టం. రుచి కాస్త తేడా పడటం, గాజు పగలడం ఒకే స్థాయి సంగతులు కావు. రెంటికీ ఒకే స్వరం నప్పదు. బోధనవచనంలో స్వరభేదం అలంకారం కాదు, భద్రతాసాధనం.

పామర్ ‘హౌ టు బ్రూ’ 2000లో మొదట ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చి, తరువాత అచ్చయి, 2017కల్లా నాలుగో కూర్పుకు చేరింది. ఆయన వృత్తి లోహశాస్త్రం. నీటి వేడికి సూత్రం ఇస్తాడు: గింజ బరువుకు నీరెంత, గింజ ఇప్పుడు ఎంత వేడిగా ఉంది, మిశ్రమం ఎంత వేడికి చేరాలి అన్న మూడు విలువలు వేస్తే పోయవలసిన నీటి ఉష్ణోగ్రత వస్తుంది. కాబెట్ తొట్టిలోని ముఖం ఇక్కడ సమీకరణమైంది. ఏ దేశంలోనైనా, ఏ రుతువులోనైనా పనిచేస్తుంది.

పామర్‌ను వట్టి లెక్కల మనిషిగా తీసిపారేసే చదువరులతో నేను ఏకీభవించను. రెండు ఎంజైముల పనిని ఆయన పెరట్లో కూలిన చెట్టుతో పోల్చి చెబుతాడు. కొమ్మల కొసలను మాత్రమే కత్తిరించే పనిముట్టు ఒకటి, నడుమ ఎక్కడైనా తుంచగలిగేది మరొకటి. రెండూ కలిస్తేనే కుప్ప కరుగుతుంది. పిండి అణువును చూడని పాఠకుడు చెట్టుకొమ్మను చూశాడు కదా. అంకెలు ఆగిన చోట ఆయన ఉపమానం అందుకుంటాడు. ఇది అచ్చమైన వచనరచయిత పని. ఆయనలో నాకు కనిపించే లోటు వేరు: కొనవలసిన పరికరాల జాబితా పెరిగేకొద్దీ పాఠకుడి పరిధి కుదించుకుపోతుంది. ఉష్ణమాపకం లేనివాడు ఈ పుస్తకం ముందు ఏం చేయాలి? కాబెట్ దగ్గర ఉన్న రెండో సమాధానం ఇక్కడ లేదు.

5. ఆ ముఖం ఎవరిది?

వందల ఏళ్ల సూత్రమని కాబెట్ అన్నాడు. ఆ వందల ఏళ్లలో తొట్టి మీదికి వంగి చూసిన ముఖం ఎక్కువగా స్త్రీది. జూడిత్ బెనెట్ 1996లో ప్రచురించిన చరిత్రగ్రంథం 1300-1600 మధ్య ఇంగ్లండులో ఈ పని స్త్రీల చేతుల్లోంచి ఎలా జారిపోయిందో వివరించింది. హాప్స్ లేని పాత ఏల్ త్వరగా పాడైపోయేది, కాబట్టి ఇంట్లో కొంచెం కొంచెంగా చేసి ఇరుగుపొరుగుకు అమ్మేవారు. హాప్స్‌తో చేసిన బీరు నిలవ ఉండేది, దూరం పంపవచ్చు, పెద్ద పెట్టుబడి పెట్టవచ్చు. పెట్టుబడి పెట్టగలిగింది మగవాళ్లు.

జర్వేస్ మార్కమ్ 1615లో ‘ది ఇంగ్లిష్ హౌస్‌వైఫ్’ వెలువరించినప్పుడు మాల్టు చేయడం, బీరు చేయడం గృహిణి విధుల్లో చెప్పాడు. చదివేది స్త్రీ, చేసేది స్త్రీ, రాసింది పురుషుడు. తన దగ్గర పుట్టిన విద్య పుస్తకరూపంలో ఉపదేశంగా ఆమెకే తిరిగివచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు గ్రంథాల్లో ఆ సంబోధన కూడా పోయింది. నేను ఇక్కడ పరిశీలించిన ఆధునిక రచయితలందరూ పురుషులే; వారి ముందు కూర్చున్న పాఠకుడు కూడా ప్రధానంగా వారాంతపు తీరికగల పురుషుడే. స్త్రీలను ఎవరూ నిషేధించలేదు. సరదాకు కావలసిన తీరిక ఇంట్లో ఎవరికి ఉందన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగలేదు.

6. తెలుగు క్రియ దగ్గర

ఈ వచనాన్ని తెలుగులో ఊహించి చూస్తే మన బోధనవచనం స్థితి తెలుస్తుంది. ఇంగ్లీషు కరదీపికకు విధ్యర్థకం ఒక్కటే. తెలుగుకు కనీసం నాలుగు: ‘కలుపుము’, ‘కలపవలెను’, ‘కలపండి’, ‘కలుపుకోవాలి’. మొదటిది శాసిస్తుంది, రెండోది గోడమీది నోటీసులా ఉంటుంది, మూడోది ఎదుట నిలబడి చెబుతుంది. నాలుగోది వంటపుస్తకాల క్రియ. ‘కొను’ చేరడంతో పని ఫలితం చేసేవారిదే అవుతుంది. కాబెట్‌కు నేనైతే ఈ నాలుగోదాన్ని వాడతాను. మన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ నాలుగింటినీ కాదని ‘కలుపబడును’ అన్న కర్మణిని ఎంచుకున్నాయి. ప్రయోగశాలలో ఆ పని చేసేదెవరో వాక్యంలో లేకుండా పోయారు.

కొలతల విషయంలో మాత్రం తెలుగుకు కొదవ లేదు. తీగపాకం, ఉండపాకం అన్న మాటల్లో ఉష్ణమాపకం పేరు లేకుండానే ఉష్ణోగ్రత ఉంది. చెయ్యి పట్టేంత వేడి, గోరువెచ్చన వంటివి శరీరాన్నే కొలబద్దగా చేసుకున్న మాటలు. ‘కనిపించేంత’ అనడంలో ఉన్న ‘అంత’ ప్రత్యయం ఇంద్రియానుభవాన్ని పరిమాణంగా మార్చే వ్యాకరణసాధనం. కాబెట్ సూత్రానికి ఇంగ్లీషు ఒక ఉపవాక్యం వెచ్చించిన చోట తెలుగుకు ఈ ప్రత్యయం సరిపోతుంది.

పదాల దగ్గర చిక్కు వస్తుంది. మాల్టు నానిన తీపి ద్రవాన్ని ఇంగ్లీషులో వోర్ట్ అంటారు. ‘కషాయం’ అంటే మందవుతుంది. ‘గంజి’ దగ్గరగా ఉంటుంది, ‘తరవాణి’ ఇంకా దగ్గర. కాని తరవాణి అప్పటికే పులిసినది, వోర్ట్ ఇంకా పులియనిది. ఇక ఈ పని మొత్తాన్నీ చెప్పే క్రియగా ‘కాయడం’ అంటే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది నాటుసారా బట్టీ. బీరులో బట్టీపట్టడం లేదు, ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం లేదు. పులియబెట్టడంతో పని ముగుస్తుంది. ‘బీరు పులియబెట్టడం’ అనే మాటకు పోలీసు కేసు వాసన ఉండదు. వంటింట్లో పిండి రుబ్బి రాత్రంతా ఉంచే పనికి అది చుట్టమవుతుంది.