వంగిన రిమ్ము, పాత హబ్బు

ఈ వారం ఈ కాలమ్‌కు కోపం తెప్పించింది ఒక చక్రం. హనుమకొండలో ఒక కాలేజీ కుర్రాడి సైకిల్ గుంతలో పడి వెనక రిమ్ము వంగింది. షాపువాళ్లు చక్రాన్ని ఒక్కసారైనా తిప్పి చూడకుండా ‘మొత్తం వీలే మార్చాలె తమ్మీ’ అన్నారట. బాగయ్యేదాన్ని పారేయకూడదని ఈ కాలమ్ ఏళ్లుగా పోరుతున్న సంగతి పాఠకులకు తెలిసిందే. గొడుగులు, గడియారాలు, మిక్సీలు అయ్యాయి, ఇప్పుడు చక్రం వంతు.

వరంగల్ చౌరస్తా పక్క సందుల్లో ఒకప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ టాక్సీలుండేవి. అక్కడి మేస్త్రీ పని చూడ్డానికే పిల్లలు నిలబడేవారు. సైకిల్‌ను తలకిందులు చేసి, టైరు ఊడదీసి, ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకొని చక్రం తిప్పేవాడు. రిమ్ము ఎక్కడ పక్కకొస్తే అక్కడ గీత పడుతుంది. ఆ గీత దగ్గర ఒకవైపు పుల్లలను కాస్త వదులు చేసి, అవతలివైపువి బిగించేవాడు. పానాతో పావు తిప్పు తిప్పడం, మళ్లీ చక్రం తిప్పి చూడడం. తొందరపడి ఒక్కచోటే బిగిస్తే షేక్ పోతుంది గానీ చక్రం గుండ్రం తప్పుతుంది.

సైకిల్ పుల్ల పనంతా గుంజడమే. కుడివైపువి రిమ్మును కుడికి, ఎడమవైపువి ఎడమకు లాగుతాయి. హబ్బు పక్కగా బయల్దేరి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే ఈ అల్లికకు ఇంగ్లండ్‌లో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంట్ తీసుకున్నాడు. కడ్డీ బ్రేకుల పాత సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. బియ్యం బస్తా, పాల క్యాన్లు, చెల్లెలు అన్నీ వెనకే కదా.

షాపును తిట్టడానికే కూర్చున్న ఈ కాలమిస్టు ఆ రిమ్మును చేతిలోకి తీసుకున్నాక ఆగాల్సి వచ్చింది. పుల్లల బిగువు తప్పడం వేరు, లోహమే మడత పడడం వేరు. దీని అంచున నొక్కు, పుల్ల కొసను బిగించే ఒక నిప్పిల్ కన్నం దగ్గర సన్నటి పగులు. ఇలాంటిదాన్ని లాగి నిలబెడితే కొన్ని పుల్లలు అతిగా బిగిసి, పక్కవి వదులై, కొన్నాళ్లకు ఒక్కొక్కటే తెగుతాయి. రిమ్మును నొక్కే బ్రేకులైతే రబ్బరు దాని గోడను రోజూ అరగదీస్తుంది. పలచబడ్డ గోడ టైరులోని గాలికే చీలిపోవచ్చు. ఈ రిమ్మును మార్చాల్సిందే.

కానీ మార్చాల్సింది రిమ్మును. హబ్బు, లోపలి గోళీలు బాగున్నాయి. అదే సైజు, అన్నే కన్నాలున్న కొత్త రిమ్ము తెచ్చి పాత హబ్బుకే అల్లొచ్చు. రిమ్ము లోతు కూడా సరిపోతే పాత పుల్లల్లో మంచివి పనికొస్తాయి. అందుకు చేయి తిరిగిన మనిషి కావాలి, ఓపిక కావాలి. ఆ కూలి దగ్గర మనమే బేరమాడతాం, షాపు కొత్త చక్రం బిగించి పంపుతుంది.

2020లో కేంద్రం మొదలుపెట్టిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్’ పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. సైకిల్ దారులకు గీతలు గీసే ఖర్చులో కొంత తీసి, నగరపాలక సంస్థ చక్రాల అల్లిక నేర్పించాలి. మిగిలిన పాత మేస్త్రీలకు వేతనమిచ్చి, పదిమంది కుర్రాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టొచ్చు. వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.