ప్రీతి ఎవరితో చెప్పుకోవాలి?

'అర్జున్ రెడ్డి' (2017) మీద ఇన్నేళ్ళుగా జరిగిన వాదనలు చాలావరకు అర్జున్ చుట్టూనే తిరిగాయి. వాడిది ప్రేమా, జబ్బా? దర్శకుడు సందీప్ రెడ్డి వంగా వాణ్ణి మెచ్చుకుంటున్నాడా, ఊరికే చూపిస్తున్నాడా? నాకు మాత్రం మళ్ళీ చూసినప్పుడల్లా ఆ కాలేజీ డీన్ మీదికే దృష్టి పోతోంది.

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కొట్లాట అవగానే డీన్ అర్జున్‌ని పిలుస్తాడు. క్షమాపణ చెప్పు, లేదంటే కాలేజీ వదిలి వెళ్ళమంటాడు. అంటే అక్కడ నియమాలున్నాయి, అడిగే పెద్దమనిషి ఉన్నాడు. అదే అర్జున్ క్లాసులోకి వెళ్ళి, ఫస్టియర్ అమ్మాయి ప్రీతి తనదని, ఆమె జోలికి ఎవరూ రాకూడదని ప్రకటిస్తాడు. ప్రీతిని అడగడు. ముద్దు పెట్టుకునేటప్పుడూ అడగడు. అప్పుడు మాత్రం ఆఫీసు నుంచి పిలుపు రాదు. మగపిల్లలు కొట్టుకుంటే క్రమశిక్షణ సమస్య, అమ్మాయి భయపడితే ప్రేమకథకి మొదటి రీలు!

సినిమాకి వేధింపంటే తెలియదని కాదు. హోలీ రోజు అమిత్ ప్రీతి మీద చెయ్యి వేసినప్పుడు బాగానే తెలుస్తుంది. అర్జున్ వెళ్ళి వాణ్ణి చితకబాదుతాడు, హాల్లో ఈలలు. ఆమెను అడగకుండా తాకినవాళ్ళు ఇద్దరు. ఒకడు విలన్, ఒకడు హీరో. తర్వాత ఆమె కూడా ప్రేమించింది కదా అంటారు. నిజమే. కానీ మొదటి ముద్దు నాటికి ఆ సంగతి అర్జున్‌కీ తెలియదు, మనకీ తెలియదు.

ఆ ఈలల్ని నేను తేలిగ్గా తీసెయ్యను. చెప్పుకునే చోటు లేనప్పుడు కొట్టేవాడే న్యాయమూర్తిలా కనిపిస్తాడు. మా గిద్దలూరు, మార్కాపురం వైపు పిల్లలు గుంటూరు-నంద్యాల లైన్లో రైలెక్కి పై చదువులకు పోతుంటారు. చాలా ఇళ్ళల్లో ఆడపిల్లకి ఆ టికెట్టు బతిమాలుకుంటే దొరికిందే. ఫలానా సీనియర్ రాత్రిళ్ళు మెసేజీలతో చంపుతున్నాడని ఫోన్లో చెప్తే వచ్చే జవాబులు రెండే: 'వాడి కాళ్ళిరగ్గొడతా', 'చదివింది చాల్లే, ఇంటికొచ్చెయ్'. రెండూ ప్రేమతోనే వస్తాయి. నీకేం కావాలమ్మా అనే ప్రశ్న రెండింట్లోనూ లేదు. ఆ రెండో జవాబుకి భయపడే ఎంతోమంది నోరు విప్పరు.

ఈ సినిమాకి రెండేళ్ళ ముందు, 2015 జూలైలో, నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ ఫస్టియర్ విద్యార్థిని ఒకరు చనిపోయారు. సీనియర్లు ర్యాగింగ్ చేశారని, లైంగికంగా వేధించారని ఆరోపణలొచ్చాయి. ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. 2024 నవంబరులో గుంటూరు కోర్టు సాక్ష్యాలు చాలవని కేసు కొట్టేసింది. దోషులెవరో తేల్చడం నా పని కాదు. కానీ ఒక ఫస్టియర్ అమ్మాయి బతికుండగా ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలన్న ప్రశ్న ఏ తీర్పుతోనూ ముగిసిపోదు.

కాగితం మీద జవాబుంది. 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనల ప్రకారం విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలిగా సీనియర్ మహిళా అధ్యాపకురాలు ఉండాలి. బయటి నుంచి ఒక సభ్యులు రావాలి. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి. ప్రిన్సిపాల్, డీన్ లాంటివాళ్ళు అందులో సభ్యులు కాకూడదు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి, పేర్లు బయటికి పొక్కకూడదు. ఈలోగా ఆమెకి సెలవు ఇవ్వొచ్చు, అతణ్ణి ఆమెకి దూరంగా ఉంచొచ్చు. అంటే చదువు మానెయ్యకుండానే ఫిర్యాదు చెయ్యొచ్చన్నమాట. లోపాలూ ఉన్నాయి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. కొత్త ఊళ్ళో, కొత్త హాస్టల్లో ఒకమ్మాయికి జరిగినదానికి పేరు పెట్టుకోడానికే ఒక సెమిస్టర్ పడుతుంది.

మరి మన క్యాంపస్ సినిమాల్లో ఈ కమిటీ గది ఎందుకు కనపడదు? ఆ గదిలో హీరోకి పనుండదు గనక. అక్కడ అమ్మాయి మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. స్నేహితుడు చెయ్యగలిగింది కూడా చిన్న పనులే: నమ్మడం, మెసేజీలు చెరిపెయ్యొద్దని చెప్పడం, ఆమె సరేనంటే ఫిర్యాదు రాయడంలో సాయపడటం, ఆ గది తలుపు దాకా తోడెళ్ళడం. వీటికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కుదరదు.

ఇకముందు క్యాంపస్ కథలు రాసేవాళ్ళని నేను అడిగేది ఒకటే. హోలీ ఫైటయ్యాక మర్నాడు ప్రీతి ఏ క్లాసుకెళ్ళింది, పక్కన ఎవరు కూర్చున్నారు? ఆ ఒక్క సీను రాయండి.