మహలూ పది స్తంభాలూ: మధుర నగరంలో ఒక శిథిలాన్ని చూచే తీరు

ఊరికి దూరంగా నిలిచిన శిథిలానికి ఒక సౌకర్యమున్నది. హంపీకి వెళ్ళేవాడు శిథిలాన్ని చూడటానికే ఇల్లు కదులుతాడు. బండరాళ్ళు, తుంగభద్ర, నిర్జనమైన వీధులు అన్నీ కలిసి అతని మనస్సును ముందే సిద్ధపరుస్తవి. నగరం నడుమ నిలిచిన శిథిలానికి ఆ భాగ్యం లేదు. దాని గోడకు సైకిళ్ళు ఆనించి ఉంటవి. దాని నీడలో బేరసారాలు సాగుతుంటవి. దారిన పోయేవాడు దినమూ చూస్తూ చూడడం మానివేస్తాడు. అటువంటి శిథిలాన్ని చూడటానికి కొంత శ్రద్ధ, కొంత చరిత్ర జ్ఞానం, అన్నిటికంటె ముఖ్యంగా కొంత వినయం కావలెను. మధుర నగరంలోని తిరుమల నాయకుని మహలు విషయంలో ఈ మూడూ మన తెలుగువారికి ఎంతవరకు ఉన్నవో విచారించడమే మా ఉద్దేశం.

మధుర మీనాక్షి ఆలయానికి ఆగ్నేయంగా, కాలినడకన పోదగిన దూరంలో, ఇరుకు వీధుల నడుమ ఈ మహలు ఉన్నది. 1623 నుండి 1659 వరకు మధురను ఏలిన తిరుమల నాయకుడు దీనిని 1636 ప్రాంతంలో కట్టించినాడు. అంతకుముందు తిరుచిరాపల్లిలో ఉన్న రాజధానిని ఆయన మధురకు మార్చుకొన్నాడు. ఆ మార్పునకు తగిన నివాసం కావలసి వచ్చినది. మహలులో స్వర్గవిలాసమనీ, రంగవిలాసమనీ రెండు ముఖ్య భాగాలు. మొదటిది రాజునకు, రెండవది ఆయన సోదరునకు. వీటికి తోడుగా నాటకశాల, అంతఃపురం, ఆయుధశాల, పూజామందిరం, ఉద్యానాలు ఉండేవి. నేడు మనం చూచేది స్వర్గవిలాసమూ, నాటకశాలా మాత్రమే. మొత్తం కట్టడం నేటి శేషానికి నాలుగింతలు ఉండేదని చరిత్రకారులు చెప్పుదురు.

లోపల అడుగిడినవానికి మొదట కలిగేది ఆశ్చర్యమే. విశాలమైన ముంగిలి చుట్టూ ఆకాశాన్నంటే తెల్లని స్తంభాలు, వాటిని కలిపే దళాల అంచుల కమానులు, పడమటి వైపు గుమ్మటం. కమానులలో మహమ్మదీయ వాస్తు పోకడ, వాటి నడుమ యాళులలో, లతలలో ద్రావిడ శిల్పి చేయి కలిసి కనిపిస్తవి. ఈ కలయిక మధురలో కొత్తగా పుట్టినది కాదు. హంపీలోని కమలమహలులో, చంద్రగిరిలోని రాజమహలులో విజయనగర ప్రభువులు ఈ దారి ముందే తొక్కినారు. వారి ప్రతినిధులుగా దక్షిణానికి వచ్చిన నాయకులు ఆ సంప్రదాయాన్ని పెద్ద కొలతలో సాగించినారు. ఇటుక, సున్నం, వాటిపై గవ్వసున్నంలో కోడిగ్రుడ్డు తెల్లసొన కలిపి చేసిన మెరుగుపూత ఈ కట్టడానికి ప్రాణం. ఇటుకలకు కావలసిన మన్ను త్రవ్విన చోటే నగరానికి తూర్పున వండియూరు తెప్పకొలనుగా మారినదని స్థానికులు చెప్పుకొంటారు. తెప్పకొలను నేటికీ ఉన్నది; దాని మన్నుతో కట్టినట్లు చెప్పే ఇల్లు మాత్రం నాలుగవ వంతు మిగిలినది.

ఆ తక్కిన మూడు వంతులు ఏమైనవి? ఈ ప్రశ్న వేయక మహలును చూచి వచ్చినవాడు సగం పుస్తకం చదివి మూసినవాడే. ప్రశ్నకు జవాబు టిక్కెట్టు కొని లోపలికి పోయిన చోట దొరకదు. మహలు వెలుపలికి వచ్చి, ఉత్తరంగా విళక్కుత్తూణ్ అనే దీపస్తంభం వైపు నడిచి, అక్కడి బట్టల దుకాణాల సందులలో ఒకదానిలో ప్రవేశించవలెను. ఆ సందు పేరే పత్తుత్తూణ్, అనగా పది స్తంభాలు. తయారు దుస్తులు, టోకు వస్త్రాల మూటలు, విద్యుత్తీగలు, దుకాణాల పేరుపలకలు, వీటి వెనుక పది మహాస్తంభాలు వరుసగా నిలిచి ఉన్నవి. వాటిపై కప్పు లేదు, వాటి నడుమ గోడ లేదు. రంగవిలాసంలో మిగిలినది ఇంతేనని చెప్పుదురు. మేము ఈ మహలును పలుమార్లు చూచినాము. కాని ఈ సందులో నిలిచినప్పుడే మహలు ఎంత పెద్దదో, ఎంత పోయినదో ఒక్కసారిగా తెలిసినది.

పోయినదానికి కారణం పరాయివాడేనని తలచడం మనకు సుఖంగా ఉంటుంది. చరిత్ర ఆ సుఖాన్ని ఇవ్వదు. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధంలో రాజధానిని మరల తిరుచిరాపల్లికి మార్చినాడు. అక్కడ తన మహలు కట్టుకొనుటకు తాతగారి మహలులోని చెక్కడపు పనులను, రాతిని, కలపను ఊడదీయించి తరలించినాడు. కట్టించినవాని మరణానికి తరువాత ఎన్నో ఏండ్లు గడవకముందే ఆయన వంశీయుడే దానిని కూల్చినాడన్నమాట. తరువాతి యుద్ధాలు, వానలు, నిర్లక్ష్యం మిగిలిన పని చేసినవి.

ఆ పైన నగరం పెరిగినది. 1840 ప్రాంతంలో మధుర కలెక్టరుగా ఉన్న బ్లాక్‌బర్న్ పాతకోట గోడలను పడగొట్టించి, కందకాన్ని పూడ్పించి, ఆ స్థలంలో వీధులు వేయించినాడు. గోడ పడగొట్టినవారికే ఆ చోటు దక్కే పద్ధతి పెట్టినందువల్ల పని చురుకుగా సాగినది. వెలి వీధులు, కొలతలు వేసిన ఉద్యోగి పేర మారెట్ వీధులు, పని చేయించిన మేస్త్రి పేర పెరుమాళ్ మేస్త్రి వీధులు నేటికీ ఆలయం చుట్టూ ఉన్నవి. ఇందాక చెప్పిన దీపస్తంభం కూడ ఆ కలెక్టరు స్మారకమే. కోటను కూల్చినందుకు ఆయనను నిందించేవారున్నారు. కాని గోడల నడుమ ఊపిరాడని ఊరికి గాలి, చోటు వచ్చినవనే సంగతి కూడ విమర్శకుడు చెప్పవలెను. నగరం బ్రతకడానికి కొంత పాతను తింటుంది. ఏది తినవలెను, ఏది మిగల్చవలెను అన్న వివేకమే నాగరికత.

ఆ వివేకం చూపిన ఘనత కొంత నేపియర్ ప్రభువుది. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న ఆయన ఈ మహలు మరమ్మతుకు పూనుకొన్నాడు. లేనిచో స్వర్గవిలాసం కూడ పది స్తంభాల గతే పట్టి ఉండేది. అయితే ఈ రక్షణకు ఒక వెల ఉన్నది. మహలులో కచ్చేరీలు వెలసినవి. చాలకాలం జిల్లా న్యాయస్థానం అందులోనే నడిచినది. రాజు కొలువు తీరిన చోట వకీళ్ళు వాదించినారు. దీనిని కొందరు అవమానమంటారు, మేము అనము. మనుష్యులు మసలిన కట్టడం నిలుస్తుంది, తాళం పడినది కూలుతుంది. ఇదే నగరంలో రాణి మంగమ్మకు చెందిన తముక్కం మహలు 1959లో గాంధీ స్మారక మ్యూజియంగా మారినందువల్లనే నేడు చక్కగా ఉన్నది. మా ఆక్షేపణ వేరు. మరమ్మతు చేసిన భాగం నిండుగా కనిపించుటచే, చూచేవారు దానినే మొత్తం మహలుగా భావిస్తున్నారు. బాగు చేసిన శిథిలం తాను శిథిలమన్న మాట దాచిపెడుతుంది. ఆ మాట చెప్పేవి సందులోని పది స్తంభాలే. వాటి దగ్గరకు వెళ్ళే యాత్రికులు అరుదు.

ప్రదర్శన విషయం కూడ చెప్పవలసి ఉన్నది. 1981లో ఈ ముంగిట సాయంకాలపు ధ్వని, కాంతి ప్రదర్శన ఆరంభమైనది. అందులో శిలప్పదికారం కథకు పెద్దపీట వేసినారు. అది మధుర నగరపు మహాకథ. ఆ గౌరవం దానికి తగినదే. కాని కణ్ణగి కథకూ ఈ సున్నపు స్తంభాలకూ నడుమ వెయ్యేండ్లకు మించిన దూరమున్నది. కట్టడం తన కథ తాను చెప్పుకోవలసిన చోట మరొక కథకు తెర అయినది. ఇటువంటిదే సినిమా సంగతి. 1995లో వచ్చిన 'బొంబాయి' చిత్రంలోని ఒక పాటను ఇక్కడ తీసినారు. మన యువకులు ఎందరో ఈ స్తంభాలను ఆ పాట వల్లనే ఎరుగుదురు. అందం తెలిసినది, పేరు తెలియలేదు. ఇక స్తంభాలపై మేకులతో తమ పేర్లు చెక్కి పోయినవారు వేరొక తరగతి. వారికి కట్టడం పేరూ తెలియదు, అందమూ తెలియదు.

ఇతరులను విమర్శించిన తరువాత మనవంతు రావలెను. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు మధురకు వెళ్ళినప్పుడు ఈ మహలు ముందు నిలిచి, "మనవారు కట్టించినది" అని పిల్లలకు చూపించుట వాడుక. మాట అబద్ధం కాదు. 1529 నాటికి విశ్వనాథ నాయకునితో ఆరంభమైన ఆ వంశం ఇంటి భాష తెలుగే. కాని ఆ ఒక్క మాటతో ఊరుకొనుట అర్ధసత్యం. తిరుమల నాయకుని కొలువు ఒక్క భాషది కాదు. సంస్కృత మహాకవి నీలకంఠ దీక్షితులు ఆయన ఆస్థానంలో ఉన్నారని ప్రసిద్ధి. తమిళకవి కుమరగురుపరులు మీనాక్షియమ్మపై రచించిన పిళ్ళైత్తమిళ్‌ను ఆయన సమక్షంలోనే వినిపించినారని సంప్రదాయం. మహలు చుట్టు వీధులలో నేటికీ సౌరాష్ట్ర నేతగాండ్ర కుటుంబాలు నివసిస్తున్నవి. నాయకుల ఆదరణలో మధుర పట్టు వస్త్రాలకు పేరు తెచ్చినవారు వారే. సున్నం నూరిన చేతులు, రాయి మోసిన భుజాలు తమిళ పల్లెలవి. తెలుగు రాజు కట్టించిన ఇల్లు ఇన్ని భాషల వారి ఇల్లు. ఆ మాట చెప్పినప్పుడు మన గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

రెండవ పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. మధుర నాయకుల తెలుగు వాఙ్మయమంతా ఈ స్తంభాల నీడలోనే పుట్టినట్లు మనం మాటలాడుతుంటాము. తెలుగు సాహిత్యంలో వచనానికి ఒక ప్రత్యేక స్థానం సంపాదించి పెట్టిన కాలం విజయరంగ చొక్కనాథునిది, అనగా 1706 నుండి 1732 వరకు. ఆ ప్రభువు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము వచనంగా రచించినాడు. జైమిని భారతాన్ని వచనంలో చెప్పిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు, తారాశశాంక విజయము వ్రాసిన శేషము వేంకటపతి ఆ కాలపువారే. అప్పటికి రాజధాని తిరుచిరాపల్లి. మధురలో మహలు సగం విరిగి నిలిచి ఉన్నది. ఏ తరలింపు ఈ మహలును కూల్చినదో, ఆ తరలింపు పోయిన చోటనే మన దక్షిణాంధ్ర వచనం వికసించినది. మన నష్టమూ, మన లాభమూ ఒకే ఇంటివారి చేతి పనులు. దీనిని గ్రహించినవాడు స్తంభాల ముందు నిలిచి ఎవరినో తిట్టడు, ఊరక పొంగిపోడు.

ఆ వంశం 1736 ప్రాంతంలో రాణి మీనాక్షితో ముగిసినది. కట్టడంలో నాలుగవ వంతు మిగిలినది. వాఙ్మయం గ్రంథాలయాలలో మిగిలినది. భాష మన ఇండ్లలో మిగిలినది. మూడింటిలో మొదటిదానికి ప్రభుత్వం కాపలా పెట్టినది. రెండవదాన్ని పండితులు కాచినారు. మూడవదాన్ని కాచవలసినవారు మనమే. ఇంట తెలుగు మాటలాడుతూ అక్షరం రాని పిల్లలు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. మహలును చూపించి "మనది" అని చెప్పే తండ్రి, విజయరంగ చొక్కనాథుని వచనంలో ఒక పుటనైనా ఆ బిడ్డ చదువుకోగలిగేటట్లు చేయకపోతే, ఆ "మనది" అన్న మాటకు పునాది ఎక్కడ?

కావున మా సూచన చిన్నది. మన సంఘాలు విహారయాత్ర ఏర్పాటు చేసినప్పుడు మధురను ఒక క్రమంలో చూపించవలెను. మొదట పత్తుత్తూణ్ సందుకు పోయి, పోయినదెంతో తెలుసుకొనవలెను. పిమ్మట స్వర్గవిలాసంలో మిగిలినదాన్ని చూడవలెను. ఆలయం తూర్పు గోపురానికి ఎదురుగా ఉన్న పుదుమండపంలో తిరుమల నాయకుడు తన దేవేరులతో సహా శిలారూపంలో ఉన్నాడు. చాలకాలం దర్జీల, పుస్తకాల దుకాణాలు ఆ విగ్రహాలను మరుగుపరచినవి. ఇటీవలి సంవత్సరాలలో వాటిని కున్నత్తూరు చత్రానికి మార్చినారు. అక్కడ రాజు ముఖం చూచి, చివరకు తెప్పకొలను గట్టున కూర్చుండి, వెంట తెచ్చుకొన్న ఒక తెలుగు వచనగ్రంథం నుండి నాలుగు పుటలు ఎవరైనా పైకి చదువవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక దినం చాలును, చదివే గొంతు ఒకటి చాలును.

బట్టల సందులో దుకాణాలు మూసి దీపాలు ఆర్పిన వేళ కూడ ఆ పది స్తంభాలు నిలిచే ఉంటవి. ఏ కప్పునూ మోయకుండానే అవి ఇంతకాలం నిలిచినవి. మన భాషకు మనం ఇంకా కప్పు వేయగలము. ఆ అవకాశం ఆ స్తంభాలకు లేదు.