అర్జీ ఇంగ్లిష్

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు విదేశాల్లోని క్లయింట్లకు మెయిల్ పంపేముందు ఒక్కోసారి నాకు చూపిస్తుంటారు. తప్పులు దిద్దమని కాదు, "మర్యాదగానే ఉందా సార్?" అని. గ్రామర్‌కి వంక పెట్టాల్సిన పని దాదాపు ఉండదు. "ప్లీజ్ సెండ్ ద ఫైల్ టుడే." ప్లీజ్ ఉంది కదా, ఇంకేం కావాలి? కానీ అవతల లండన్‌లో కూర్చున్నవాడికి అది ప్లీజ్ తగిలించిన ఆర్డరులా వినిపిస్తుంది. అమెరికావాళ్లయితే ఆ మాట బ్రిటిష్‌వాళ్లకన్నా తక్కువగా వాడతారు. వాళ్ల చెవికి అదే ఒక్కోసారి తొందరపెట్టినట్టు ఉంటుంది.

మనకు మర్యాద క్రియ చివర్లోనే దొరుకుతుంది. 'పంపు' అనకుండా 'పంపండి' అంటే సగం పని అయిపోయినట్టే, పైన 'గారు' ఎలాగూ ఉంది. ఇంగ్లిష్‌లో పసిపిల్లాడూ ప్రధానమంత్రీ ఇద్దరూ 'యూ'యే. గౌరవమంతా వాక్యం కట్టే తీరులో చూపించాలి. ఆజ్ఞని ప్రశ్నగా మార్చాలి, 'కెన్' బదులు 'కుడ్' వాడాలి. ఇవాళ పుట్టిన కోరికని భూతకాలంలోకి నెట్టి "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్..." అనాలి. ఈ తతంగమంతా ఎదుటివాడికి కాదనే వీలు ఇవ్వడానికే.

అది దొరలకే చెల్లిన విద్య అనుకుంటే పొరపాటు. పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే ఇద్దరు 1978లో మర్యాద మీద పెద్ద పరిశోధన ప్రచురించారు. ఇంగ్లిష్‌నీ, మెక్సికోలోని ట్జెల్టాల్ భాషనీ, మన పక్కనున్న తమిళాన్నీ పోల్చి చూశారు. ఎదుటివాడి మీద పడిపోకుండా, తప్పుకునే దారి వదిలి అడగడం మూడింట్లోనూ కనిపించింది. తెలుగులో వెతికినా దొరికేది. "వదినా, తోడుకి కాస్త మజ్జిగ ఉందా?" అని అమ్మ గోడ మీదుగా అడిగేది. ఇవ్వమని ఎక్కడా అనలేదు, ఉందా అని మాత్రమే. ఇవ్వడం ఇష్టం లేకపోతే "ఇప్పుడే అయిపోయింది వదినా" అంటే సరిపోతుంది, ఇద్దరి పరువూ దక్కుతుంది. "మీకు వీలైతే", "ఏమీ అనుకోకపోతే" అని రోజూ అంటూనే ఉంటాం.

మరి ఇంగ్లిష్ రాయగానే ఇదంతా ఎటు పోతుంది? నా అనుమానం బడిలో నేర్చుకున్న లీవ్ లెటర్ మీద. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్..." చివర్లో "యువర్స్ ఒబీడియంట్లీ". ఆ వయసులో మనం ఇంగ్లిష్‌లో సొంతంగా అడిగింది అదొక్కటే, అదీ కచేరీకి పెట్టుకునే అర్జీ భాషలో. తల ఎంత వంచాలో అది నేర్పింది కానీ, సమానమైన మనిషిని పని అడగడం నేర్పలేదు. 'డు ద నీడ్‌ఫుల్' కూడా ఆ కచేరీల కాలపు సరుకే. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనూ చెలామణీ అయింది, అక్కడ పాతబడిపోయినా మనం పదిలంగా దాచుకున్నాం. నాకు దాని పాతదనంతో పేచీ లేదు. చేయాల్సిన పనేమిటో చెప్పకపోవడమే చిరాకు.

నోటిమాటలో ఇంత ఇబ్బంది ఉండదు, గొంతూ నవ్వూ సాయం వస్తాయి. "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?" అంటే మనవాళ్లు "యస్, యస్" అంటూ లేచి కిటికీ తీసేస్తారు. లెక్కప్రకారం అది అభ్యంతరం చెప్పడమే! కిటికీ తెరుచుకుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

రాతలో ఆ సాయం లేదు. అలాగని కుడ్‌లూ, పాసిబ్లీలూ, జస్ట్‌లూ గుప్పిస్తే అసలు కోరిక వాటి కింద పడి కనబడదు. కొందరు సీనియర్లకు ఈ జబ్బుంది. ఒక్క మెత్తని మాట చాలు, ఆ వెంటనే ఏం కావాలో, ఎప్పటికి కావాలో చెప్పేయాలి. "కుడ్ యూ సెండ్ ద ఫైల్ బై థర్స్‌డే? ఇఫ్ దట్స్ టూ సూన్, ఫ్రైడే మార్నింగ్ ఈజ్ ఫైన్." ఆ శుక్రవారమే మర్యాద.

ఇక 'జెంటిల్ రిమైండర్' ఉంది. మూడోసారి వచ్చినదాంట్లో జెంటిల్ ఏమీ మిగలదని పంపినవాడికీ తెలుసు. దాని బదులు పాత మెయిల్ కిందే "ఎనీ లక్ విత్ దిస్?" అని రాయమంటాను. మరిచిపోయావన్న నింద అందులో లేదు, పని కుదరలేదేమో అన్న ఊహ ఉంది. మా పిల్లలకి మాత్రం అది మరీ పొట్టిగా, కాస్త పొగరుగా కనిపిస్తోందట. కింద ఒక 'కైండ్లీ' కలిపి పంపుతున్నారు.