పెద్దమ్మ పాత్ర ఎవరు ఆడాలి?

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో కథల ఆట జరుగుతుంది. భోజనాలయ్యాక బల్ల తుడిచి, ఇరవై ముఖాల పాచిక ఒకటి, మామూలు పాచికలు నాలుగు, గళ్ల కాయితాలు, పెన్సిళ్లు పెట్టుకుని కూర్చుంటాం. ఆడేది మా అబ్బాయి, వాడి స్నేహితులిద్దరు, మా అక్క కూతురు. కథ నడిపేది నేను. ఊరెలా ఉందో, గుహలో ఏముందో, మాంత్రికుడు ఏమన్నాడో నేను చెబుతాను. తమ పాత్రలు ఏం చేస్తాయో వాళ్లు చెబుతారు. ఆ చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'కి ఇది మా ఇంటి రూపం. డ్రాగన్ల స్థానంలో బ్రహ్మరాక్షసులు, ఎల్ఫుల స్థానంలో యక్షులు. మిగతాది చందమామ సీరియళ్లు చదివి పెరిగిన నా బుర్రలోంచి వచ్చిందే.

పాచికలంటే పందెంలో ఒడ్డబడిన ద్రౌపది గుర్తొచ్చే దేశం మనది. నలభై దాటిన ఆడమనిషి వాటిని చేతిలో పెట్టుకుని కూర్చోవడం మా అత్తగారికి మొదట్లో నచ్చలేదు. ఇప్పుడు ఆవిడే "ఆ రాక్షసుడు చచ్చాడా?" అని అడుగుతూ ఉంటుంది.

కిందటి నెల మా అక్క కూతురి పాత్ర, విలుకత్తె, పాడుబడిన నూతిలో పడి చచ్చిపోయింది. కొత్త పాత్రని ఎంచుకోమన్నాను. అది కాసేపు ఆలోచించి, "పిన్నీ, ఈసారి నేను పెద్దమ్మని" అంది.

మగపిల్లలు పగలబడి నవ్వారు. నవ్వు నాకూ వచ్చింది. పెద్దమ్మ అంటే మా కథలో ప్రతి ఊరి పొలిమేరలోనూ ఉండే ముసలమ్మ. పూరింట్లో ఉంటుంది. రాజకుమారులు చీకటిపడే వేళకి ఆమె గడపలో దిగుతారు. వండిపెడుతుంది. ఆ ఊరి రాజుగారి కష్టమేమిటో, రాజకుమార్తెని ఎవడెత్తుకుపోయాడో, కోటకి దొడ్డిదారి ఎక్కడుందో చెబుతుంది. పొద్దున్నే వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత పెద్దమ్మ ఏమైందో నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

"సరే, కాయితం ఇవ్వు" అంది మా అక్క కూతురు. ఆడే ప్రతి పాత్రకీ ఒక కాయితం ఉంటుంది. పేరు, వయసు, బలం, చురుకు, తెలివి, చేతిలో ఉన్న వస్తువులు అందులో రాసుకుంటారు. పెద్దమ్మకి నా దగ్గర కాయితం లేదు, పేరు లేదు. నాలుగేళ్లలో పదిహేను ఊళ్లలో పదిహేనుమంది పెద్దమ్మల్ని పెట్టాను, ఒక్కదానికి పేరు పెట్టలేదు. స్త్రీవాద సాహిత్యం చదువుతాను, సభలకి వెళతాను, ఇంట్లో గిన్నెలు ఎవరు కడగాలన్న దానిమీద పోట్లాడతాను. పూర్తిగా నా చేతిలో ఉన్న లోకంలో మాత్రం చేసిన పని ఇది.

ఈ ఆటకి పుట్టుకలోనే ఉన్న గుణం కాదు కదా అని వెనక్కి వెళ్లి చూశాను. 1974 నాటి మొదటి పుస్తకాల్లో యోధుడి తరగతి పేరులోనే 'మగవాడు' ఉన్నాడు. 1976లో ఈ ఆట పత్రికలో ఆడపాత్రల కోసం ఒక వ్యాసం వచ్చింది. నలుగురినీ నడిపించగల ఆకర్షణకి మగపాత్రలకి ఒక అంకె ఉంటే, ఆడపాత్రలకి దాని బదులు 'అందం' అనే అంకె పెట్టమన్నారు అందులో. 1978 నాటి నిబంధనల పుస్తకం ఇంకా తమాషా. బలం 18 వచ్చిన యోధుడు నూరు లోపు ఇంకో అంకె వేసుకోవాలి. మనిషి జాతి మగవాడైతే ఆ అంకె నూరుదాకా వెళ్లొచ్చు, ఆడదైతే యాభై దగ్గర ఆగాలి. నిప్పులు కక్కే పాములు ఎగిరే లోకం అది. అక్కడ అన్నీ నమ్మదగినవే, స్త్రీ బలం ఒక్కటే నమ్మశక్యం కానిది! 1989లో వచ్చిన రెండో కూర్పులో ఈ హద్దు తీసేశారు.

ఆ ఆటని అచ్చువేసిన టి.ఎస్.ఆర్. సంస్థలో ఆటలు రాసిన మొదటి మహిళ జీన్ వెల్స్. 1979లో చేరింది. ఆమె రాసిన 'ప్యాలెస్ ఆఫ్ ద సిల్వర్ ప్రిన్సెస్' 1981లో నారింజరంగు అట్టతో అచ్చయి, బయటికి రాగానే సంస్థే వెనక్కి తీసుకుంది. బొమ్మల మీద అభ్యంతరం. ఇంకొక రచయిత చేత చాలావరకు తిరగరాయించి ఆకుపచ్చ అట్టతో మళ్లీ తెచ్చారు. ఆ బొమ్మల్లో ఒకదానిలో జుట్టుతో వేలాడదీసిన స్త్రీ, చుట్టూ ఏడిపించే మగాళ్లు ఉంటారు. గీసింది లారా రోస్లాఫ్ అనే చిత్రకారిణి. చూడగానే నాకూ కడుపులో తిప్పింది. కానీ కథలో ఆ స్త్రీ అసలు లేదు. పైనుంచి వేలాడే పది కాళ్ల జంతువొకటి కల్పించిన భ్రమ అది. కట్టేసిన ఆడదాన్ని చూపిస్తే వీరులు పరిగెత్తుకొస్తారని ఆ జంతువుకి తెలుసు. రచయిత్రి కావాలనే అన్నదో లేదో గాని, రాకుమార్తెల్ని రక్షించే కథల మీద ఇంతకన్నా పదునైన వ్యాఖ్య నేను చూడలేదు. స్త్రీ అక్కడ ఎర. ఎర వెనక మనిషి ఉండక్కర్లేదు.

మన బాలనాగమ్మని ఈ వెలుగులో మళ్లీ చదవాలి. మాయల ఫకీరు ఎత్తుకుపోయిన బాలనాగమ్మ నోమునెపంతో ఏళ్ల తరబడి వాణ్ని దూరం పెడుతుంది. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న రహస్యం వాడి నోటితోనే చెప్పిస్తుంది. లోపలున్న తల్లికీ బయటి కొడుక్కీ మధ్య నడిచేది పూలమ్మే పెద్దమ్మ. చిలక మెడ విరిచిన పేరు మాత్రం కొడుకు బాలవర్ధిరాజుది. మా ఆట లెక్కలో చెప్పాలంటే సమాచారం సంపాదించడం, దాన్ని చేరవెయ్యడం అనే రెండు గట్టి ఎత్తులూ ఆడవాళ్లవే. వాటికి పాచిక వెయ్యలేదంతే.

పెద్దమ్మ ఎవరు? మా అమ్మమ్మ చెప్పే కథల్లో ఆమె 'పూటకూళ్ల పెద్దమ్మ'. అప్పుడది నాకు పేరులాగే వినిపించేది. పేరు కాదు, వృత్తి. మళ్లీ పెళ్లికి వీల్లేక, ఆస్తిలో వాటా లేక, బాటసారులకి అన్నం వండి డబ్బు తీసుకుని బతికిన వితంతువులు ఉండేవారు. జానపద కథ ఆ బతుకులోంచి వితంతుత్వాన్నీ డబ్బునీ తీసేసి ఆప్యాయతని మాత్రం ఉంచుకుంది. ఆ డబ్బుని మళ్లీ లెక్కలోకి తెచ్చింది గురజాడ. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ తన సొమ్ము తిన్న గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు, దెబ్బ రామప్పంతులికి తగులుతుంది. మనం ఆ రంగం చూసి నవ్వుతాం. రావలసిన డబ్బు కోసం వచ్చిన మనిషిని చూసి నవ్వుతున్నామని నాకు ఈమధ్యే తట్టింది.

ఫాంటసీలో ఈ పని చేసింది అర్సులా లె గ్విన్. 1968లో మొదలైన ఆమె ఎర్త్‌సీ కథల్లో మాంత్రికులు మగవాళ్లే, మంత్రవిద్యాపీఠంలోకి ఆడపిల్లలకి ప్రవేశం లేదు. పల్లెల్లో మందులిచ్చే మంత్రగత్తెల విద్య అంటే అందరికీ చులకన. ఆ చులకనని రచయిత్రి అప్పట్లో ప్రశ్నించలేదు. మొదటి మూడు పుస్తకాలు 1972కి అయిపోయాయి. నాలుగోది 'తెహాను' 1990లో వచ్చింది. రెండో పుస్తకంలో చీకటి సమాధుల పూజారిణిగా ఉండి బయటపడిన టెనార్ ఇందులో నడివయసు వితంతువు, రైతు భార్యగా బతికి పిల్లల్ని పెంచిన మనిషి. మగవాళ్లు కాల్చి వదిలేసిన ఒక పసిపిల్లని సాకుతోంది. మహామాంత్రికుడు గెడ్ శక్తులన్నీ పోగొట్టుకుని ఆమె దగ్గరికి చేరి మేకలు కాస్తాడు. కొడుకు సముద్రం మీంచి తిరిగొచ్చి పొలం నాదంటాడు, తిన్న కంచం మాత్రం తియ్యడు. సాహసం ఏదీ అని చాలామంది పాఠకులు విసుక్కున్నారు. అదే లోకాన్ని పెద్దమ్మ వాకిట్లోంచి చూపించింది లె గ్విన్. తను కట్టిన లోకాన్ని తనే తప్పుపట్టి, కూలగొట్టకుండా అందులోనే ఇంకో తలుపు తెరిచింది.

ముగింపు మాత్రం నాకు నచ్చదు. దుర్మార్గుడైన మాంత్రికుడి వశమై టెనార్ నోరు మెదపలేని స్థితికి వస్తుంది, చివరికి డ్రాగన్ దిగి కాపాడుతుంది. పిలిచింది ఆ కాలిన పిల్లే, నిజమే. అయినా రెండువందల పేజీలు వంటింట్లో, పెరట్లో నిలబెట్టిన మనిషికి అక్కడ సంపాదించుకున్న తెలివితో గట్టెక్కే దారి దొరకలేదే అన్న వెలితి ఉండిపోయింది. నాదీ అదే కష్టం. పెద్దమ్మకి కాయితం రాయడానికి కూర్చుంటే బలం 6, చురుకు 7 వచ్చాయి. ఊళ్లో ఎవరు ఎప్పుడు ఏ దారిన పోతారో తెలియడానికి ఏ అంకె వెయ్యాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

రెండు వారాలు కొట్టుకుని చివరికి కాయితం అడుగున కొత్త గడి గీశాం. దానికేం పేరు పెట్టాలో ఇంకా తేలలేదు. 'ఎరుక' అని నేనన్నాను. సోదిలా ఉందన్నారు పిల్లలు. పెద్దమ్మకి పేరు మాత్రం మా అక్క కూతురు తడుముకోకుండా రాసింది, మా అమ్మమ్మ పేరు.

మొన్న ఆదివారం ఆట మొదలవగానే అది గొంతు సవరించుకుని, "కోటకి దారి తర్వాత చెబుతాను. ముందు బాకీ తేల్చండి బాబూ. మీ ముగ్గురివీ కలిపి పదకొండు పూటలు" అంది. మా అబ్బాయి నావైపు చూశాడు. పాచిక వేసి తేల్చమన్నాడు.

"దీనికి పాచికెందుకురా, తిన్నారుగా" అన్నాను.

వాడు గొణుక్కుంటూ రబ్బరు తీసుకుని, కాయితంలో వెండినాణేల దగ్గర 40 చెరిపి 29 రాశాడు.